ఎవరివీ కాని అయిదు గంటలు

మా పెనుకొండ ఇళ్ళ వాట్సాప్ గ్రూపులో ఆ పొద్దున నడుస్తున్న గొడవ గీజరు గురించి. నాలుగో నంబరు ఇంట్లో వారం గడిపి వెళ్ళిన ఒకాయన నీళ్ళు సరిగ్గా కాగలేదని రాశాడు. దాని కింద మరో నలుగురు తమ గీజరు కష్టాలు వెళ్ళబోసుకున్నారు. వాటన్నిటి కింద, మేనేజరు గారి నంబరు నుంచి, ఒక్క ముక్క వచ్చి చేరింది. "మా నాయన తెల్లవారుజామున పోయినారు. హిందూపురంలో ఇంటి దగ్గరే ఉన్నాం." రాసింది ఆయన కూతురు. గీజరు మీద ధ్యాసలో ఉన్న ఒక మహానుభావుడు చదవకుండానే దానికి బొటనవేలు బొమ్మ పెట్టాడు. నాకు ఒళ్ళు మండి అతన్ని అందరి ముందూ కడిగిపారేశాను. ఆ తర్వాత ఫోను పక్కన పెట్టి కూర్చుని ఏడ్చాను.

ఆయన ఎవరో చెప్పాలంటే ముందు ఆ ఇళ్ళ సంగతి చెప్పాలి. పెనుకొండ కొండ కింద, సీతాఫలం చెట్ల మధ్య ఆరు ఇళ్ళు ఉన్నాయి. ఒక్కో ఇంటికి యాభై మంది సొంతదారులం. నవ్వకండి, నిజమే. ఏడాదిలో ఒక్కో కుటుంబానికి ఒక్కో వారం. ఆ ఏడు రోజులూ ఇల్లు మనది, మిగతా రోజుల్లో మిగతా వాళ్ళది. కట్టించిన కంపెనీ వారాలన్నీ అమ్ముకుని తన దారిన తాను పోయింది. సొంతదారులమంతా కలిసి ఒక సంఘం పెట్టుకున్నాం. ధర్మవరంలో తెలుగు టీచరుగా పనిచేసి రిటైరయ్యానన్న ఒక్క కారణంతో, రాతకోతలు వచ్చు కదా అని నన్ను కార్యదర్శిని చేశారు. ఇళ్ళు చూసుకోవడానికి, ఒక సత్రంలో ముప్ఫై ఏళ్ళు గుమాస్తాగా చేసి దిగిపోయిన ఒక పెద్దమనిషిని పెట్టుకున్నాం. ఆయనే మా మేనేజరు గారు.

మొదటిసారి మా వారం మొదలైన రోజు నేనూ మా ఆయనా తాళం తీసుకుని మూడో నంబరు ఇంట్లోకి వెళ్ళి గుమ్మంలోనే ఆగిపోయాం. ఎదురుగోడ మీద మా పెళ్ళినాటి ఫోటో ఉంది. మంచం మీద మా దుప్పటి, వంటింట్లో మా ఇత్తడి కాఫీ గ్లాసులు ఉన్నాయి. నెల ముందు ఆయన ఫోను చేసి, "మీ ఇంట్లో వాడేసినవి, మీకు ఇష్టమైనవి నాలుగు సామాన్లు ఒక పెట్టెలో పెట్టి పంపండి మేడం" అంటే, ఇదేం చాదస్తమని విసుక్కుంటూనే పంపాను. అలా ప్రతి కుటుంబానికీ ఒక రేకుపెట్టె ఉండేది. ఆఫీసు వెనక గదిలో అవి వరసగా, మీద వారం నంబరు రాసి ఉండేవి. శనివారం పొద్దున పదింటికి ఒక కుటుంబం వెళ్ళిపోతుంది. మధ్యాహ్నం మూడింటికి ఇంకో కుటుంబం వస్తుంది. ఆ మధ్యలో ఆయన ఒక పెట్టె సర్దేసి ఇంకో పెట్టె విప్పేవాడు.

"ఇంత శ్రమ ఎందుకండీ?" అని అడిగాను.

"ఇల్లు మనల్ని గుర్తుపట్టాల మేడం. మనం పోయి గదిని గుర్తుపట్టేది లాడ్జిలో" అన్నాడు.

ఆయన ఏ ఇంట్లోనూ కుర్చీలో కూర్చోగా చూడలేదు. బల్బు మార్చడానికి వచ్చినా చెప్పులు గుమ్మం బయటే. కాఫీ ఇస్తే మెట్టు మీద కూర్చుని తాగేవాడు. లోపలికి రమ్మంటే, "ఈ వారం మీ ఇల్లు. పిలిస్తే వచ్చేదానికి నేనేం చుట్టాన్నా" అని నవ్వేవాడు. ఆ నవ్వులో కాస్త పొగరు కూడా ఉండేదని ఇప్పుడు చెప్పుకోవచ్చు. నాకూ ఆయనకూ చాలాసార్లు పడేది కాదు. నేను ఏదైనా కాగితం మీద రాయమంటే ఆయన నోటితో చెప్పి ఊరుకునేవాడు. నేను గట్టిగా అంటే ఆయన ఇంకా మెల్లగా మాట్లాడేవాడు. కోపం వచ్చినప్పుడు ఎదుటి మనిషి గొంతు తగ్గించడం కంటే ఒళ్ళు మండే విషయం ఇంకొకటి లేదు.

మా ఆయన చనిపోయిన ఏడు, మా వారానికి రెండు రోజుల ముందు మేనేజరు గారి ఫోను వచ్చింది. నేను రానని చెప్పడానికే తీశాను. ఆయన కుశలప్రశ్నలు ఏమీ వేయలేదు. "సారు దిండు పెట్టేదా, తీసేదా మేడం? మీరు ఎట్ల చెప్తే అట్ల చేస్తా" అన్నాడు. పెట్టమన్నాను. పెట్టమన్నాక వెళ్ళక తప్పలేదు. ఆ వారం రోజులూ ఆయన రెండు పూటలా వచ్చి కుళాయిలూ కిటికీలూ సరిగ్గా ఉన్నాయో లేదో చూసి వెళ్ళేవాడు. కుళాయిలకు ఏ రోగమూ లేదని మా ఇద్దరికీ తెలుసు.

ఇలాంటి మనిషి మీద నేను ఫిర్యాదు రాశాను. ఆ సంగతి దాచుకుంటే ఈ నాలుగు మాటలు రాయడానికి నాకు అర్హత ఉండదు.

అది మా ఆయన ఉన్నప్పుడే, ఇళ్ళు తీసుకున్న మూడో ఏడు. మా వారం మొదలయ్యే శనివారం, ఎవరిదో కారు దొరికిందని మధ్యాహ్నం ఒంటిగంటకే పెనుకొండ చేరాం. మూడో నంబరు ఇంటి తలుపు తీసే ఉంది. వరండాలో మంచం మీద తెల్లపంచె కట్టిన పెద్దాయన ఒకాయన గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు. లోపల భోజనాల బల్ల దగ్గర ఒకావిడ కుర్చీలో రెండు కాళ్ళూ పైకి పెట్టుకుని, ఇస్తరాకులో పప్పన్నం తింటోంది. పక్కన మా మేనేజరు గారు నెయ్యి గిన్నె పట్టుకుని నిలబడి ఉన్నాడు. "ఇంగ రోంత ఏసుకోమ్మా" అంటున్నాడు.

నేను అరిచిన అరుపుకు పెద్దాయన మంచం మీద లేచి కూర్చున్నాడు. ఆవిడ చేయి విస్తరిలోనే ఆగిపోయింది. మేనేజరు గారు నెయ్యి గిన్నె బల్ల మీద పెట్టి, నన్ను సీతాఫలం చెట్ల దాకా తీసుకెళ్ళాడు.

"మూడు కొట్టేదాకా ఈ ఇల్లు మీది కాదు మేడం. పది దాటినాక నిన్నటోళ్ళదీ కాదు. ఈ అయిదు గంటలూ ఎవరివీ కావు. వాటిని వాళ్ళకిచ్చినా."

"ఎవరు వాళ్ళు? మీ చుట్టాలా?"

"సొంతదారులే. గుడిబండ దగ్గర పల్లె. మూడో నంబరు ఇంట్లోనే వాళ్ళకూ ఒక వారం ఉండాది."

"అయితే వాళ్ళ వారంలో రావాలి."

ఆయన నా ముఖంలోకి చూశాడు. "వాళ్ళ వారంలోనే వచ్చినారు మేడం. ఈ పొద్దు శనివారం కదా" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. అర్థం చేసుకునే ఓపికా లేదు. ఆ సాయంత్రమే రెండు పేజీల ఫిర్యాదు రాసి సంఘం పెద్దలకు పంపాను. ఏడాదికోసారి జరిగే మా సమావేశం ఆ నెలలోనే హిందూపురంలో ఒక లాడ్జి హాల్లో పెట్టారు. అందరూ కోపంగా ఉన్నారు. మన పరుపుల మీద ఎవరెవరినో పడుకోబెడుతున్నాడని ఒకరు, ఇంకెంత మందికి తలుపులు తీస్తున్నాడోనని ఒకరు అన్నారు. ఆయన్ని తీసేసి బెంగళూరు నుంచి ఎవరినైనా తెద్దామనే దాకా వచ్చింది. అప్పుడు ఆయన్ని లోపలికి పిలిచారు.

ఆయన చెప్పింది ఇదీ. ఆ రైతు హిందూపురం ఎగ్జిబిషన్‌లో కంపెనీవాళ్ళ స్టాలు ముందు నిలబడ్డాడు. వాళ్ళు "ఒక వారం మీదే, జీవితాంతం" అన్నారు. "ఏ వారమప్పా?" అని ఆయన అడిగాడు. "మీ ఇష్టం" అన్నారు. "అట్లయితే శనివారం రాసుకో" అన్నాడు. శనివారాలు వాళ్ళకు ఒక్కపొద్దు. ఉపవాసముండి పగలు ఒక్కసారే తింటారు. ఆ ఒక్క పూటైనా పెళ్ళాం పొయ్యి దగ్గర నిలబడకుండా, ఎవరైనా వడ్డిస్తే కూర్చుని తినాలని ఆయన ఆశ. స్టాలులోని కుర్రాడు నవ్వుతూ తల ఊపి సంతకం పెట్టించుకున్నాడు. ఇంటి తాళాలిచ్చిన తర్వాత వచ్చిన మొదటి శనివారమే ఇద్దరూ మడకశిర మీదుగా బస్సులో వచ్చి గేటు ముందు దిగారు.

"కాగితం సరిగ్గా చదువుకోవాలి కదయ్యా" అన్నాడు అధ్యక్షుడు.

"కాగితంలో ఉండేదీ అదే మాట సార్. 'ఒక వారం' అని ఉండాది. పశువులున్న రైతు ఏడు దినాలు ఇల్లు ఇడిచిపెట్టి యాడికన్నా పోతాడా? ఏడు దినాలని ఆయనకు తోచనే తోచదు." తర్వాత నావైపు తిరిగాడు. ఎప్పటిలాగే గొంతు తగ్గించాడు. "తెలుగు మేడం ఈడనే ఉండారు. ఆమెనే అడగండి. వారమంటే ఏంది మేడం?"

హాలంతా నా వైపు తిరిగింది. ఆ మనిషి ఉద్యోగం, ఆ ముసలి దంపతుల శనివారం నా నాలుక చివర ఉన్నాయని ఆ క్షణంలో తెలిసింది. ఏడు రోజులు అని చెప్పేస్తే సరిపోయేది. చట్టప్రకారం అదే సరైనది కూడా. కానీ ముప్ఫై మూడేళ్ళు బల్లల నిండా పిల్లల్ని కూర్చోబెట్టి "వారాల పేర్లు చెప్పండి" అంటే, ఆదివారం సోమవారం అంటూ అరిచిన గొంతులన్నీ నా చెవుల్లో మోగాయి. నేను నేర్పిందే ఆ రైతు కూడా ఎక్కడో నేర్చుకున్నాడు.

"రెండూ" అన్నాను. "వారమంటే ఏడు రోజులూ అవుతుంది, అందులో ఒక రోజూ అవుతుంది. తప్పు చదివిన వాళ్ళది కాదు."

వెనక నుంచి ఎవరో నవ్వారు. తర్వాత ఇంకొందరు నవ్వారు. నవ్వొస్తే మనవాళ్ళు కోపం మర్చిపోతారు, అదొక అదృష్టం. నా ఫిర్యాదు నేనే వెనక్కి తీసుకుని, మినిట్సు పుస్తకంలో ఒక వాక్యం రాశాను. శనివారం పది నుంచి మూడు దాకా ఇళ్ళు సర్దే సమయమనీ, అప్పుడు లోపల ఎవరుండాలో మేనేజరు గారి ఇష్టమనీ. అందరూ సంతకాలు పెట్టారు.

బయటికొచ్చాక టీ తాగుతూ ఆయన తన సంగతి చెప్పాడు. చిన్నప్పుడు ధర్మవరంలో వారాలు చేసుకుని చదువుకున్నాడట. సోమవారం ఒక ఇంట్లో, మంగళవారం ఒక ఇంట్లో, అలా రోజుకో ఇంటి భోజనం. అంతా మగ్గాల ఇళ్ళే. ఆరు ఇళ్ళు దొరికాయి. శనివారానికి మాత్రం ఇల్లు దొరకలేదు. ఆ వీధిలో అందరికీ ఆ రోజు ఒక్కపొద్దే. వాళ్ళే తినీ తినక ఉంటే నాకు పెట్టమని ఎట్ల అడిగేది అన్నాడు.

"అందుకేనా వీళ్ళకి శనివారం ఇచ్చారు?" అన్నాను. కథ నా చేతికి చక్కగా దొరికినందుకు మురిసిపోతూ అడిగి ఉంటాను.

"లేదు మేడం. దానికీ దీనికీ ముడిపెట్టద్దు" అన్నాడు చిరాగ్గా. "ఆయమ్మ కుర్చీలో కాళ్ళు పైకి పెట్టుకోని తింటాంటే సూసేదానికి బాగుంటాది. అంతే."

ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఆ అయిదు గంటలు వాళ్ళవే అయ్యాయి. వంట ఆయనే చేసేవాడు, పప్పూ అన్నం, ఒక వేపుడు, పండగ దగ్గర పడితే ఓళిగలు, అంటే బొబ్బట్లు. పెద్దాయన నిద్రపోయేవాడు. ఆవిడ తినేది, వరండాలో కూర్చుని కొండను చూసేది. మూడు కాకముందే బస్సు పట్టుకుని పాలు పిండే వేళకి ఇల్లు చేరేవాళ్ళు. కాగితం ప్రకారం వాళ్ళకు రావాల్సిన అసలు వారం ఆషాఢంలో వచ్చేది. "ఈ వారం రాత్రిళ్ళు కూడా ఉండచ్చు, మీకు బోనస్" అని మేనేజరు గారు చెప్పేవాడు. ఒక్క రాత్రి ఉండి, బర్రెలు గుర్తొచ్చి వెళ్ళిపోయేవాళ్ళు. వాళ్ళు పొరబడ్డారని ఆయన ఎన్నడూ వాళ్ళకు చెప్పలేదు. చెప్పొద్దని మమ్మల్ని కూడా కట్టడి చేశాడు.

ఆయన పోయింది గురువారం. హిందూపురం వెళ్ళి చూసి వచ్చాను. నిద్రపోతున్నట్టే ఉన్నాడు. తిరిగి వస్తుంటే దారిలో గుర్తుకొచ్చింది, ఎల్లుండి శనివారం. వాళ్ళ ఫోను నంబరు ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు. వాళ్ళు మామూలుగానే బస్సెక్కుతారు. మినిట్సు పుస్తకంలో నేను రాసింది 'మేనేజరు గారి ఇష్టం' అని. ఇప్పుడు మేనేజరూ లేడు, ఆ ఇష్టమూ లేదు. వాళ్ళ శనివారాన్ని ఉంచాలో తీసెయ్యాలో చెప్పాల్సింది మళ్ళీ నేనే. ఈసారి ఎవరూ నవ్వే అవకాశం లేదు.

శనివారం పొద్దున ధర్మవరంలో రైలెక్కి పెనుకొండ చేరాను. పనిచేసే ఆడవాళ్ళిద్దరూ మూడో నాటి కార్యానికి హిందూపురం వెళ్ళారు. గేటు దగ్గర వాచ్‌మన్ ఒక్కడే ఉన్నాడు. పదకొండు కావస్తుండగా ముసలి దంపతులిద్దరూ బస్సు దిగి వచ్చారు. ఆవిడ చేతిలో పొట్లకాయలు ఉన్నాయి. నన్ను చూసి గుర్తుపట్టి, ఆగి, నా వెనక ఆఫీసు తలుపుకు వేసిన తాళం చూసింది.

"యాడికి పోయినాడమ్మా ఆయప్ప?"

చెప్పాను. పెద్దాయన తువ్వాలు తీసి మెట్టు మీద పరిచి కూర్చున్నాడు. ఆవిడ పొట్లకాయలు ఒళ్ళో పెట్టుకుని నిశ్శబ్దంగా ఏడ్చింది.

"మొన్న శనివారం గూడా బాగుండె కదమ్మా. వడియాలు ఏంచి పెట్టినాడు."

అప్పుడే అనుకున్నాను, ఇక అసలు సంగతి చెప్పేయాలని. వారం గురించి ఒక మాట ఉంది అని మొదలుపెట్టాను. ఆవిడ కళ్ళు తుడుచుకుని నా చేయి పట్టుకుంది.

"ఏడాదికి ఏడు దినాలని గదా? తెల్సు తల్లీ. రెండో ఏడే తెల్సింది. మడకశిరలో వకీలు కాడ కాగితం సదివించుకుంటిమి."

"మరి ఆయనకి ఎందుకు చెప్పలేదమ్మా?"

"ఎట్ల చెప్పేది? మేం వచ్చేతలికి వండి, ఆకేసి, 'మీ వారం మీది, కూకోండి' అంటాడు. మాకు తెల్సిపాయ అంటే ఆ మొగం ఎట్లయితాదో. మేం నొచ్చుకుంటామని ఆయప్ప చెప్పల్యా. ఆయప్ప నొచ్చుకుంటాడని మేం అడగల్యా."

ఇన్నేళ్ళూ వాళ్ళను కాపాడుతున్నానని ఆయన, ఆయన్ని కాపాడుతున్నామని వీళ్ళు. మధ్యలో రెండు పేజీల ఫిర్యాదు రాసిన దాన్ని నేను. సిగ్గేసింది. సంతోషమూ వేసింది. ఆ రెండూ ఒకేసారి రావడం ఎలా ఉంటుందో ఆ రోజు తెలిసింది.

పెద్దాయన లేచి తువ్వాలు దులుపుకున్నాడు. "ఇంగ మేం వచ్చేది బాగుండదులేమ్మా. దుడ్లిచ్చి కొన్నెది ఏడు దినాలే. మిగిలిందంతా ఆయప్పతో ఉన్నెది. ఆయప్పతోనే పాయ" అన్నాడు.

ఉండండి అనాలని ఉంది. సంఘం తరఫున అనే అధికారం నాకు లేదు. నా తరఫున అనడానికి ఈ వారం ఆ ఇల్లు నాది కాదు. ఈలోగా వాచ్‌మన్ వచ్చి, మిగతా ఇళ్ళకు ఈ వారం ఎవరూ రావట్లేదు గానీ మూడో నంబరుకు మూడింటికి బెంగళూరు వాళ్ళు వస్తారని, పొద్దున వెళ్ళినవాళ్ళు వదిలిన ఇల్లు అలాగే ఉందని చెప్పాడు.

ఆవిడ గుమ్మం దాకా వెళ్ళి లోపలికి తొంగి చూసింది. నలిగిన దుప్పటి, ఎంగిలి గ్లాసులు, గోడ మీద ఎవరిదో ఫోటో ఉన్నాయి. పొట్లకాయలు గట్టు మీద పెట్టింది. కొంగు దోపుకుంది.

"వాళ్ళొస్తే ఈ పడక మీద పండుకుంటారా? ఏమబ్బా, రా, ఆ కొస పట్టుకో" అని మొగుడిని పిలిచింది.

ముగ్గురం కలిసి ఇల్లు సర్దాం. వారం నంబరు చూసి వెనక గదిలోంచి పెట్టె మోసుకొచ్చాను. పెద్దాయన దుప్పటి రెండో కొస పట్టుకున్నాడు. ఆవిడ గ్లాసులు కడిగింది, గచ్చు తుడిచింది, పెట్టెలో ఉన్న చిన్నపిల్ల గొంగళి ఏ మంచం మీద వేయాలో అడిగి మరీ వేసింది. ఎవరమూ తినలేదు. ఒక్కపొద్దు సాయంత్రానికి విడుస్తాంలే అంది. మధ్యలో ఒకసారి ఆవిడ ఆ కుర్చీ దగ్గర ఆగి, దాన్ని గుడ్డతో రెండుసార్లు తుడిచి, బల్ల కిందికి నెట్టింది.

మూడు కొట్టింది. వాళ్ళ బస్సు వెళ్ళిపోయింది. ఇద్దరూ కదల్లేదు. గేటు బయట కారు హారన్ మోగింది. వాచ్‌మన్ కంటే ముందు పెద్దాయన వెళ్ళి గేటు తీశాడు. కారులోంచి ఒకతను తల బయటపెట్టి, మేనేజరు గారి వార్త చూశాననీ, ఇక్కడ ఎవరూ ఉండరేమో అనుకుంటూనే వచ్చాననీ చెప్పాడు.

"మీరెవరండీ?" అని అడిగాడు.

పెద్దాయన ఒకసారి నావైపు చూశాడు. నేను చూపు తిప్పుకోలేదు. తల ఊపాను.

"శనివారమోళ్ళమప్పా" అన్నాడు. "రాండి రాండి. మీ వారం మీకు సిద్ధంగా ఉండాది."

కొండ మీది గాలికి గేటు మూసుకుపోతుంటే వీపు ఆనించి నిలబడ్డాడు. ఆయన భార్య తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ, కారులో నిద్రపోతున్న పాపను ఎత్తుకోవడానికి ఎదురు వెళ్ళింది.